బండి కింద పద్నాలుగేళ్ళు

నా మొదటి పికప్‌ను తుక్కు కింద అమ్మిన రోజు కూడా దాని ఇంజన్ తాళం తిప్పగానే పలికింది. పొగ లేదు, తేడా చప్పుడు లేదు. తుక్కు కొనడానికి వచ్చిన మనిషి చెవి పెట్టి విని, "ఇంత మంచి ఇంజన్ ఉన్న బండిని ఎందుకు అమ్ముతున్నారండీ?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా అతన్ని వెనక చక్రం దగ్గరికి తీసుకువెళ్ళి వంగి చూడమన్నాను. బరువు మోసే స్ప్రింగులైన కమాను పట్టీల వెనక కొస, బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కు తగులుకునే చోట ఇనుము చెట్టు బెరడులా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. అతను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పొడిచాడు. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. ఇంకేమీ అడగలేదు.

ఎనిమిదేళ్ళకే ఆ బండి పని అయిపోయింది. నాది మొక్కల నర్సరీ. తడి మట్టి, ఎరువుల బస్తాలు, అడుగున నీళ్ళు కారే కుండీలు రోజూ ఎక్కుతాయి, దిగుతాయి. ఆ ఎనిమిదేళ్ళూ బండిని బాగానే చూసుకుంటున్నానని నమ్మాను. ఇంజన్ ఆయిల్ వేళకు మార్పించాను, వారానికోసారి కడిగి తుడిచి మెరిపించాను. ఒక్కసారి కూడా కిందికి వంగి చూడలేదు. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అలాగే తయారైంది.

కొత్త బండి ఇంటికి వచ్చిన రోజు ఒక లెక్క వేసుకున్నాను: దీన్ని ఇరవై ఏళ్ళు నడపాలి. ఇప్పుడు పద్నాలుగో ఏడు. మీటరు 3,12,000 కిలోమీటర్లు దాటింది. డీజిల్ ఇంజన్, చేత్తో మార్చే గేర్లు, నిచ్చెన ఆకారపు ఛాసిస్, అవసరమైతే నాలుగు చక్రాలూ లాగే రకం. దీనికి నేను చేసినవీ, చేయకుండా వదిలేసి చేతులు కాల్చుకున్నవీ రాస్తున్నాను.

మొదటి 1,500 కిలోమీటర్ల సంగతి ముందు చెప్పాలి. కొత్త ఇంజన్‌ను మెల్లగా నడపాలని అందరూ అంటారు. అది సగమే నిజం. సిలిండర్ గోడల మీద ఫ్యాక్టరీలోనే సన్నటి అడ్డగీతలు గీస్తారు. పిస్టన్ రింగులు ఆ గీతల మీద రాసుకుంటూ గోడకు ఒదిగిపోవాలి. అలా ఒదగాలంటే లోపల మండే వాయువు ఒత్తిడి రింగులను గోడకేసి నొక్కాలి. మరీ మెల్లగా నడిపితే ఆ ఒత్తిడి చాలదు, అతిగా తొక్కితే వేడికి గీతలు ముందే నున్నబడిపోతాయి. అందుకే వేగం మారుస్తూ, ఒకే వేగంతో చాలాసేపు పోకుండా, తొట్టి నిండా బరువు వేయకుండా నడిపాను. ఆ రోజుల్లో నర్సరీ మట్టి మోయడానికి బాడుగ బండి పెట్టుకున్నాను. "కొత్త బండిని వాకిట్లో పెట్టుకుని అద్దె బండికి డబ్బులిచ్చేది మీరొక్కరే" అని మా ఆవిడ నవ్వింది. నవ్వితే నవ్వింది. ఆ ఇంజన్ ఇప్పటికీ రెండు సర్వీసుల మధ్య పైన ఆయిల్ పోయమని అడగదు.

1,500 దగ్గర ఆయిల్ మార్చాను. మాన్యువల్ అలా చేయమనలేదు, మొదటి మార్పు 10,000కే అంది. అయినా నా తృప్తి కోసం మార్చాను. పాత ఆయిల్‌ను ఒక గాజు సీసాలో పట్టి ఎండకు ఎత్తి చూస్తే సన్నటి వెండి రజను తేలుతూ కనిపించింది. పెద్ద రేణువులను ఫిల్టర్ ఎలాగూ పట్టేస్తుంది కాబట్టి ఇది చేయకపోతే కొంపేమీ మునగదు. చేసినందుకు మాత్రం రాత్రి నిద్ర బాగా పట్టింది.

ఇక మాన్యువల్. కొన్న వారంలోనే దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. సర్వీసు పట్టికలు అందులో రెండు ఉంటాయి. ఒకటి మామూలు వాడకానికి, రెండోది కఠినమైన వాడకానికి. రెండోది ఎడారిలో పరుగు పందాలు ఆడేవాళ్ళ కోసమనుకుని చాలామంది పేజీ తిప్పేస్తారు. కానీ అక్కడ రాసింది చూడండి: దుమ్ము రోడ్లు, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ముగిసిపోయే చిన్న ప్రయాణాలు, తరచూ బరువు మోయడం, ఆగి ఉన్నా ఇంజన్ ఆపకుండా గంటల తరబడి ఉంచడం. పికప్ కొన్నవాడు ఈ నాలుగింటిలో కనీసం రెండు చేయకుండా ఉండడు. నేను నాలుగూ చేస్తాను. అందుకే 10,000 అన్న చోట 5,000కే ఆయిల్ మారుస్తున్నాను.

చిన్న ప్రయాణాలు చేసే హాని నాకు కళ్ళారా చూస్తే తప్ప నమ్మకం కలగలేదు. ఒక చలికాలం రెండు నెలల పాటు రోజూ మూడేసి కిలోమీటర్లే తిరిగాను. ఒకరోజు ఆయిల్ పోసే మూత విప్పితే దాని అడుగున తెల్లటి నురగలాంటి జిడ్డు పేరుకుని ఉంది. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి ఇంజన్‌లో చల్లబడి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది మళ్ళీ ఆవిరై పోతుంది, లేకపోతే అక్కడే ఉండిపోతుంది. ఆ ఆదివారం ఓ గంట సేపు దూరం పోయి వచ్చాను. మూత శుభ్రపడింది. ఈ మధ్య వచ్చే డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దాంట్లోని మసి దాదాపు 600 డిగ్రీల వేడిలో కాలి బూడిద కావాలి. చిన్న ప్రయాణాలతో ఆ వేడి అందక అది మూసుకుపోతుంది. అలాంటి బండ్లున్నవాళ్ళకు ఈ దూర ప్రయాణం మరీ అవసరం.

ఏ ఆయిల్ పోయాలన్న దాని మీద మా మేస్త్రికీ నాకూ ఇప్పటికీ పేచీయే. "బరువు మోసే బండి బాబూ, చిక్కటి ఆయిల్ పడితేనే నిలబడుతుంది" అంటాడాయన. ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మనిషి, నేను తీసిపారేయలేను. కానీ చల్లటి ఇంజన్ మొదలైన తొలి క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ. చిక్కటి ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. డబ్బా మీద ఏ కంపెనీ బొమ్మ ఉందో నేను పెద్దగా పట్టించుకోను. మాన్యువల్ అడిగిన చిక్కదనం అంకెలు, ప్రమాణం పేరు వెనక వైపు ఉన్నాయో లేవో చూస్తాను.

మూడో ఏట ఆయిల్ మార్పు నా చేతుల్లోకి తీసుకున్నాను. నాలుగోసారి ఒక తప్పు చేశాను. పాత ఫిల్టర్ తిప్పి తీశాను, కొత్తదాని రబ్బరు రింగుకు ఆయిల్ రాసి బిగించాను, ఆయిల్ పోశాను, ఇంజన్ మొదలుపెట్టాను. పది లెక్కపెట్టేలోపు బండి కింద నల్లటి మడుగు. పరుగున వెళ్ళి ఆపేశాను. సంగతేమిటంటే పాత ఫిల్టర్ రింగు ఊడి ఇంజన్ మూతికే అతుక్కుపోయింది. నేను చూడకుండా దాని మీదే కొత్తది బిగించాను. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటే ఒత్తిడికి ఆగవు, జారిపోతాయి. ఇంటి ముందు కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద ఆయిల్ దీపం చూసుకోకుండా నాలుగు కిలోమీటర్లు పోయి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. ఇప్పుడు పాత ఫిల్టర్ చేతిలోకి రాగానే ముందు దాని మూతి చూస్తాను, రింగు దానికే ఉందా అని. లేకపోతే ఇంజన్ మూతి మీద వేలు తిప్పి చూస్తాను. కింది బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషరే వేస్తాను.

మేస్త్రి నేర్పినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఒక్క మాట. వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఆయిల్ మార్చడానికి నేను కింద పడుకుని అడుగు బోల్టుకు పానా తగిలించాను. "ఆగు బాబూ, ముందు పైది విప్పు" అన్నాడు. పైది అంటే కొత్త ఆయిల్ పోసే బోల్టు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టక అది పట్టేసి ఉండవచ్చు. కిందిది ముందు విప్పి ఆయిలంతా కార్చేశాక పైది రాకపోతే బండి ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ రోజు మా పైబోల్టు నిజంగానే పట్టేసి ఉంది. తుప్పు వదిలించే నూనె కొట్టి, గొట్టం తొడిగి, ముప్పావు గంట పెనుగులాడితే వచ్చింది. కింది బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. గోరుకు తగిలే ముక్కలుంటేనే లోపల ఏదో విరుగుతున్నట్టు.

ఆ ఇరుసుకు పైన ఊపిరి తీసుకునే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. వేడెక్కిన ఇరుసు నీళ్ళలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. గొట్టం బురదతో మూసుకుపోయి ఉంటే ఆ లోటును సీళ్ళ అంచుల్లోంచి నీళ్ళు లాగి తీర్చుకుంటుంది. వాగు దాటిన మర్నాడు ఒకసారి ఆయిల్ తెల్లబడి ఉండటం చూశాను. అప్పటి నుంచి ఆ గొట్టాన్ని ఏటా ఊది చూస్తాను. నాలుగు చక్రాలూ లాగేలా చేసే లివర్‌ను నెలకోసారి మట్టి దారిలో వేసి ఓ రెండు కిలోమీటర్లు నడుపుతాను, లోపలి భాగాలకు ఆయిల్ తడి తగలాలి కదా. పొడి తారు రోడ్డు మీద మాత్రం వేయను. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. ఈ రకం బండిలో వాటి మధ్య ఆ తేడాను సర్దేది ఏదీ లేదు, మెలిక పడి షాఫ్టులు బిగుసుకుంటాయి.

ఇక అసలు సంగతి, నా మొదటి బండిని తిన్న సంగతి, తుప్పు.

కొత్త బండికి మొదటి నెలలోనే, అడుగున ఇంకా బురద అంటకముందే, ఛాసిస్ లోపల మైనం పట్టించాను. బయట కాదు, లోపల. ఛాసిస్ దూలాలు బోలుగా ఉంటాయి. కొన్నిచోట్ల అడుగున నీళ్ళు పోవడానికి వేలు పట్టేంత రంధ్రాలుంటాయి. బురద నీళ్ళు వాటిలోంచే ఎగిరి లోపలికి పోతాయి. మట్టి ఎండి రంధ్రం మూస్తుంది, తడి లోపలే ఉండిపోతుంది. బయటి రంగు నిగనిగలాడుతుండగానే లోపలి నుంచి ఇనుము పలచబడుతుంది. మా ఎరువుల్లో ఉండే లవణాలు ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి. పొడవాటి మెత్తటి గొట్టం కొసన చుట్టూ చిమ్మే ముక్కు ఉంటుంది, దాన్ని రంధ్రంలోంచి చివరిదాకా తోసి, మైనం చిమ్ముతూ మెల్లగా వెనక్కి లాగాలి. రెండు రోజుల పాటు వాకిలంతా చుక్కలు పడతాయి, వాసన వేస్తుంది. ఏటా వానలకు ముందు మళ్ళీ చేస్తాను. బ్రేకు డిస్కుల మీద, పొగగొట్టం మీద, రబ్బరు బుష్షుల మీద పడకుండా ముందే కవర్లు కట్టుకుంటాను.

కొనేటప్పుడు అమ్మేచోట అడుగంతా నల్లటి తారులాంటి పూత వేయిస్తామన్నారు. వద్దన్నాను. కొత్తలో అది బాగానే ఉంటుంది. ఏళ్ళు గడిచాక గట్టిపడి పగుళ్ళు వస్తాయి. ఆ పగుళ్ళలోంచి నీళ్ళు దూరితే పూత వెనకే తుప్పు పెరుగుతుంది, మనకు కనబడదు. తుప్పుకు దుప్పటి కప్పి పెంచినట్టు. మొదటి బండికి ఆ పూత ఉండేది.

ఏడాదికి రెండుసార్లు చిన్న సుత్తితో ఛాసిస్ అంతా తట్టుకుంటూ వస్తాను. ఇదీ మేస్త్రి విద్యే. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల మట్టి పేరుకున్నా, ఇనుము పలచబడినా దబ్బుమంటుంది. అరగంట పని. బండిని జాకీ మీద నిలిపి కిందికి దూరడం మాత్రం ఎంత తొందరలో ఉన్నా చేయను. నాలుగు ఇనుప స్టాండ్లు బండితో పాటే కొన్నాను.

ఇంత జాగ్రత్తపడినవాణ్ణి తొట్టి దగ్గర బోల్తా పడ్డాను. గీతలు పడకుండా తొట్టిలో అచ్చు ప్లాస్టిక్ తొడుగు పెట్టించాను. నాలుగేళ్ళ తర్వాత ఒక బోల్టు కోసం దాన్ని పైకెత్తితే అడుగున తడి మట్టి, కుళ్ళిన ఆకులు, రెండు వానపాములు. ప్లాస్టిక్‌కూ రేకుకూ మధ్య చేరిన ఇసుక బండి కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా రుద్ది రంగును ఊడదీసింది. అరచేతి వెడల్పున మూడుచోట్ల తుప్పు. రంగు కాపాడటానికి పెట్టిన తొడుగే రంగు తినేసింది! దాన్ని తీసి పారేసి, తుప్పు గీకి, ప్రైమర్ వేసి, రేకుకే అతుక్కునే గట్టి పూత చిమ్మించాను. ఇప్పుడు పైన రబ్బరు చాప ఒకటి పరుస్తాను, శనివారం సాయంత్రం ఎత్తి కడిగి ఆరబెడతాను.

బరువు గురించి. తొట్టి నిండటం వేరు, బండి నిండటం వేరు. నా బండి మోయగలిగింది 750 కిలోలు. అందులో నేనూ, పక్కన కూర్చున్న మనిషీ, వెనక పనిముట్ల పెట్టే అన్నీ లెక్కే. ఇద్దరం ఎక్కితే తొట్టికి మిగిలేది ఆరు వందల చిల్లర. తొట్టి కొలతలు సుమారుగా మీటరున్నర పొడవు, 1.4 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు. అంటే ఘనపు మీటరు పైమాటే. ఘనపు మీటరు పొడి ఇసుక 1,600 కిలోల దాకా తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. అంచు దాకా ఇసుక పోస్తే రెండు బండ్లు మోసే దానికన్నా ఎక్కువ బరువు ఒక బండి మీద పెట్టినట్టు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక తొట్టి లోపలి గోడకు అడుగు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో తెల్ల గీత గీశాను. మట్టి అయినా ఇసుక అయినా ఆ గీత దాటదు.

ఒక్కసారి దాటింది. ఆరో ఏట ఒక తోట పనికి రాళ్ళు అడిగారు. రెండు ట్రిప్పులు ఎందుకని ఒకేసారి వేసుకుపోయాను, పదకొండు వందల కిలోల పైనే ఉంటాయి. దారిలో ఏమీ కాలేదు. ముందు భాగం కాస్త లేచి స్టీరింగ్ తేలికైపోయింది, అంతే. పది రోజుల తర్వాత బండి ఒక పక్కకు ఒరిగినట్టనిపించి చూస్తే కుడివైపు కమానులో మూడో పట్టీ విరిగి ఉంది. రెండు వైపులా మార్పించాను. అప్పుడే ఒక మిత్రుడు, "ఇంకో పట్టీ చేర్పించు, టన్నున్నర అయినా మోస్తుంది" అన్నాడు. పట్టీ చేరిస్తే బండి కుంగదు, నిజమే. కానీ ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ పాతవే. పైగా నా బండిలో వెనక బ్రేకుల ఒత్తిడిని నిర్ణయించే కవాటం ఒకటి ఇరుసుకు ఊచతో కలిపి ఉంటుంది. వెనక భాగం ఎంత కుంగితే అంత బరువుందని దాని లెక్క. గట్టి కమాన్లు వేసి కుంగకుండా చేస్తే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. నిండా బరువున్నప్పుడు!

మిగతా ద్రవాల గురించి క్లుప్తంగా. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక అదే ప్రమాణం 155కు పడిపోతుంది. రెండేళ్ళకోసారి మారుస్తాను. కూలెంట్‌ను రంగు చూసి కలపను, ఒకే రంగులో వేర్వేరు రకాలున్నాయి. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరే నీళ్ళను వదులుతుంటాను. గాలి ఫిల్టర్‌ను గాలి గొట్టంతో ఊదడం మానేశాను. కాగితంలో కంటికి కనబడని చీలిక ఒక్కటి వచ్చినా దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతుంది. కొత్తదే వేస్తాను.

టైమింగ్ బెల్టు దగ్గర మాత్రం నేను పరమ పిరికివాణ్ణి. వాల్వులూ పిస్టన్లూ ఒకే లయలో కదిలేలా చూసేది అది. నా ఇంజన్‌కు గొలుసు కాదు, బెల్టు. లక్ష కిలోమీటర్లకు మార్చమని మాన్యువల్. 96,000 దగ్గర ఒకసారి, 1,90,000 దగ్గర మరోసారి, 2,84,000 దగ్గర ఇంకోసారి, ప్రతిసారీ నీళ్ళ పంపు, బిగుతు చక్రం కలిపి మార్పించాను. అది తెగిందంటే వాల్వులు కిందికి వచ్చి ఉండగా పిస్టన్లు వాటిని కొడతాయి. ముందుగా ఏ చప్పుడూ చేయదు, ఏ దీపమూ వెలగదు.

నా దగ్గర గళ్ళ నోటు పుస్తకం ఒకటి ఉంది, ఇప్పుడు మూడోది నడుస్తోంది. తేదీ, మీటరు, పోసిన డీజిల్, చేసిన పని. పదో ఏట ఒకసారి వరసగా మూడు ట్యాంకులు లీటరుకు 13 కిలోమీటర్ల నుంచి 12కు, పదకొండున్నరకు దిగాయి. నడుపుతుంటే ఏ తేడా తెలియదు. ఒక సాయంత్రం దూరం నుంచి వచ్చి ఆపగానే ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి తాకించకుండా పెట్టి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి, ముందు ఎడమది నిప్పుల కుంపటి. విప్పితే, ప్యాడ్లను డిస్కుకేసి నొక్కే బ్రేకు కాలిపర్ జారే పిన్ను గ్రీజు ఎండి బిగుసుకుపోయింది. ప్యాడ్లు డిస్కును వదలకుండా రాసుకుంటూ తిరుగుతున్నాయి. శుభ్రం చేసి, కొత్త గ్రీజు, కొత్త రబ్బరు బూటు వేశాను. ఇంకో నెల ఆగితే డిస్కు, బేరింగు కూడా పోయేవి.

స్టెప్నీ కథ కూడా చెప్పాలి. పికప్పులకు అది తొట్టి కింద తీగ చుట్టకు వేలాడుతుంటుంది. అయిదో ఏట వానలో టైరు పగిలింది. జాకీ ఉంది, పానా ఉంది, ఊచ పెట్టి తిప్పితే తీగ కదలదు. అయిదేళ్ళ బురదకు చుట్ట మొత్తం తుప్పు పట్టి ముద్దయిపోయింది. చక్రం కళ్ళ ముందే ఉంది, చేతికి రాదు. రెండు గంటలు తడిసి చివరికి వేరే బండి పిలిపించుకున్నాను. ఇప్పుడు ఆరు నెలలకోసారి దాన్ని కిందికి దించి, గాలి చూసి, తీగకు గ్రీజు పట్టించి ఎక్కిస్తాను. టైరు పక్కన ఉండే నాలుగంకెలు కూడా చూస్తాను. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒక్క కిలోమీటరు తిరగని స్టెప్నీ కూడా ముసలిదవుతుంది.

ఇంత చేసినా పోయేవి పోయాయి. 1,60,000 దగ్గర క్లచ్చి పోయింది, అది ఎత్తులో బండిని క్లచ్చి మీద నిలిపే నా అలవాటు వల్లే. రెండు లక్షల పైన ఆల్టర్నేటర్, ఏసీ ముందు జల్లెడ (కండెన్సర్), రెండు కిటికీ అద్దాల యంత్రాలు. ఆయిల్‌లో కలిపే మహిమ సీసాలు మొదట్లో మూడు నాలుగు కొన్నాను, వాటితో ఒరిగిందేమీ లేదు. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు ఉపాధ్యాయుడు 1966లో కొన్న వోల్వో పి1800 కారును 2013 నాటికి 30 లక్షల మైళ్ళు తిప్పి గిన్నిస్ రికార్డుకెక్కాడు. నా మూడు లక్షల కిలోమీటర్లు ఆయన ముందు ఏ మూలకు?

పదో ఏట వచ్చిన ఇబ్బంది మరొకటి, అది యంత్రాలది కాదు. నాకు మొహం మొత్తింది. సీటు కుంగింది, హెడ్‌లైట్లు పచ్చబడ్డాయి, తలుపు వేస్తే డబ్బా చప్పుడు. కొత్త బండ్ల బొమ్మలు చూడటం మొదలుపెట్టాను. మా అమ్మాయే అంది, "నాన్నా, బండి బాగానే ఉంది కదా, నీకు సీటు నచ్చట్లేదు, అంతే" అని. సీటు నురుగు మార్పించి, లైట్లు రుద్దించి, తలుపు రబ్బర్లు కొత్తవి వేయించాను. బొమ్మలు చూడటం మానేశాను. ఇంజన్ పని మీద పెట్టిన ఏ ఖర్చూ ఈ బండిని నా దగ్గర ఇంతగా నిలపలేదేమో.

మొన్న ఆదివారం సుత్తి పట్టుకుని మళ్ళీ కిందికి దూరాను. ముందు నుంచి ఖంగు, ఖంగు అంటూ వెనక ఎడమ కమాను దాకా వచ్చాను. మొదటి బండి పోయిన చోటు అది, అక్కడ ప్రతిసారీ నా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. దబ్బుమంది. గుండె జారింది. టార్చి వేసి చూస్తే నీళ్ళు పోయే రంధ్రంలోంచి రెండంగుళాల పొడవున పాలిపోయిన మొలక ఒకటి వేలాడుతోంది. లోపల పేరుకున్న మట్టిలో ఏదో విత్తనం పడి, వెలుతురు కోసం కిందికి తోసుకొచ్చింది. వేరు తెగకుండా మెల్లగా లాగి తీశాను. తీగతో మట్టంతా కెలికితే గుప్పెడు బురద, వెనకే కొన్ని నీళ్ళు కారాయి. గొట్టంతో కడిగి, ఆరాక సుత్తితో మళ్ళీ తట్టాను. ఈసారి ఖంగుమంది. మైనం పట్టించి, పుస్తకంలో మీటరు అంకె రాసుకున్నాను. మొలకను చిన్న కుండీలో నాటాను. రెండు ఆకులు విప్పింది, ఏ మొక్కో ఇంకా పోల్చుకోలేకపోతున్నాను.